మొదటి పది పిక్స్‌లో వైడ్ రిసీవరా, లైన్‌మనా?

కాకినాడ_టు_కొలంబస్:

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో కాలేజీ ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరపడింది. మా ఆఫీసులో పాత గొడవ మళ్ళీ లేచింది. మొదటి పదిలో పిక్ (ఎంచుకునే వంతు) చేతికొస్తే బంతి పట్టే వైడ్ రిసీవర్‌ని తీసుకోవాలా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాచే ట్యాకిల్‌ని (లైన్ అంచున నిలబడే లైన్‌మన్‌ని) తీసుకోవాలా? నా ఓటు ట్యాకిల్‌కే. ఎందుకో చెప్తాను.

నేను సిన్సినాటి బెంగాల్స్ జట్టు అభిమానిని. 2020 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ జో బరోని తెచ్చుకున్నాం. ఆ నవంబరులోనే వాషింగ్టన్‌తో ఆటలో అతని మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. అతనికి ముందు కాపుండే లైన్ నిలబడక జరిగిన దెబ్బ అది. ఐదు నెలలు తిరిగేసరికి మాకు 5వ పిక్. ఆరెగాన్ యూనివర్సిటీ ట్యాకిల్ పెనే సూవెల్ ఉన్నాడు, లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ)లో బరోతో కలిసి ఆడిన రిసీవర్ జమార్ చేజ్ ఉన్నాడు. మావాళ్ళు చేజ్‌ని తీసుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చేజ్ గొప్పవాడు కాదని నేను అనట్లేదు. మొదటి ఏడాదే 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు (బంతితో చివరి గీత దాటి చేసే స్కోర్లు). 2022 జనవరి 2న చీఫ్స్ మీద 266 గజాలు సాధించిన రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను, గొంతు పోయేలా అరిచాను. కానీ అదే సీజన్లో బరోని 51 సార్లు బంతి విసరకముందే పడగొట్టారు. ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ ఆటల్లో) ఇంకో 19 సార్లు. టైటన్స్ ఒక్క ఆటలోనే 9 సార్లు.

ఇక 56వ సూపర్ బౌల్, అంటే ఆ సీజన్ ఫైనల్. ర్యామ్స్ 23, మనం 20. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఇంకో గజం పోవాలి. అవతల చేజ్ తన మీదున్న జేలెన్ ర్యామ్జీని దాటేసి ఖాళీగా పరిగెడుతున్నాడు. ఇవతల ఆరన్ డొనాల్డ్ మా లైన్‌ని చీల్చుకుని వచ్చి బరోని పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. బంతి చేజ్ వైపు పోలేదు. ఎంత గొప్ప రిసీవర్ ఖాళీగా ఉన్నా, విసిరేవాడికి ఊపిరి తీసుకునే సమయం లేకపోతే ఏం లాభం?


ఫ్రిస్కో_గుంటూరు:

అన్నా, బాధ అర్థమైంది. అయితే తప్పు 5వ పిక్‌లో లేదు, 46వ పిక్‌లో ఉంది.

ఆ ఏడాది రెండో రౌండ్లో మీకు 38వ పిక్ ఉండేది. దాన్ని పేట్రియట్స్‌కి ఇచ్చి 46కి దిగారు. అక్కడ క్లెమ్సన్ నుంచి జాక్సన్ కార్మన్ అనే లైన్‌మన్‌ని తీసుకున్నారు, అతను నిలదొక్కుకోలేకపోయాడు. అదే రౌండ్లో 63వ పిక్ దాకా లైన్ మధ్యలో ఆడే సెంటర్ క్రీడ్ హంఫ్రీ మిగిలే ఉన్నాడు. అతన్ని చీఫ్స్ పట్టుకెళ్ళి రెండు సూపర్ బౌల్స్ గెలిచారు. మీరు చేజ్‌తోపాటు హంఫ్రీని తీసుకుని ఉంటే? డొనాల్డ్ వచ్చింది లోపలి నుంచి, గార్డ్ (సెంటర్ పక్కన నిలబడే లైన్‌మన్) మీదుగా. సూవెల్ ఆడేది అంచున. సూవెల్ ఉన్నా ఆ ఒక్క ఆటలో డొనాల్డ్‌ని ఆపేవాడని నేను నమ్మను.

మా కౌబాయ్స్ సంగతి చూడండి. 2020లో 17వ పిక్‌కి మాకు కావలసింది డిఫెన్స్. అమారీ కూపర్ ఉన్నాడు, మైకెల్ గాలప్ ఉన్నాడు, రిసీవర్ అవసరమే లేదని మా అపార్ట్‌మెంట్లో అందరూ అన్నారు. రిసీవర్ సీడీ ల్యామ్ అంత కిందికి జారి వచ్చేసరికి తీసేసుకున్నారు. 2023లో 135 క్యాచ్‌లు, 1,749 గజాలు. ఆ రోజు లోటు చూసుకుని ఎవరో ఒకణ్ణి తెచ్చుకుని ఉంటే ఈ ఆటగాణ్ణి ఎదుటి జట్టులో చూసేవాళ్ళం. డ్రాఫ్ట్‌లో ఇంట్లో ఏం లేదని చూడకూడదు, బజార్లో ఏది మేలైనదో అది తెచ్చుకోవాలి.


నోవై_నెల్లూరు:

డెట్రాయిట్ నుంచి లయన్స్ మనిషిని. ఈ చర్చలో మా కంటే ఎక్కువ దెబ్బ తిన్నవాళ్ళు ఎవరూ ఉండరు.

2003లో 2వ పిక్, చార్లెస్ రోజర్స్, రిసీవర్. 2004లో 7వ పిక్, రాయ్ విలియమ్స్, రిసీవర్. 2005లో 10వ పిక్, మైక్ విలియమ్స్, మళ్ళీ రిసీవర్. వరసగా మూడేళ్ళు! మొదటివాడు మూడు సీజన్లకే జట్టులోంచి పోయాడు, మూడోవాడు మా దగ్గర రెండేళ్ళు ఉన్నాడు. 2007లో 2వ పిక్‌తో కాల్విన్ జాన్సన్ వచ్చాడు. అంత గొప్ప ఆటగాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అతను ఉండగానే 2008లో 16 ఆటలకి 16 ఓడిపోయాం. తొమ్మిదేళ్ళు ఆడి, ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా గెలవకుండా ఆటకి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఫ్రిస్కో బ్రదర్, బజార్లో మేలైనదే తెచ్చుకోవాలన్నారు. 2005లో మేము పదో పిక్‌తో రిసీవర్‌ని తీసుకున్న మరుక్షణం పదకొండో పిక్‌తో మీవాళ్ళు డిఫెన్స్ ఆటగాడు డిమార్కస్ వేర్‌ని తీసుకున్నారు. అతను ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఆ రాత్రి మేలైనది ఏదో మాకు కనబడలేదు. రిసీవర్ మెరుపులో ఉన్న చిక్కే అది, కళ్ళు చెదురుతాయి.

2021కే వద్దాం. కొలంబస్ అన్నా, మీవాళ్ళు చేజ్‌ని తీసుకున్నాక, రెండు పిక్స్ తరవాత సూవెల్ మాకు దొరికాడు. అదే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్, 112వ పిక్‌తో ఏమన్‌రా సెయింట్ బ్రౌన్ దొరికాడు. అతను రిసీవర్. ఇద్దరూ ఆల్-ప్రో (ఏటా ఎంచే లీగ్ ఉత్తమ జట్టు)కి ఎంపికయ్యారు. 2024 జనవరిలో ర్యామ్స్‌ని 24-23తో ఓడించాం, 32 ఏళ్ళలో మా మొదటి ప్లేఆఫ్ గెలుపు. మా అబ్బాయి పుట్టినప్పట్నుంచి ఆ రోజు కోసం చూశాడు.

గోడ ముందు కట్టుకోవాలి. రిసీవర్ తరవాత రౌండ్లలో దొరుకుతాడు. ట్యాకిల్ అలా దొరకడు, అంత ఎత్తు, అంత బరువు ఉండి అంత చురుగ్గా అడుగులు వేసేవాళ్ళు దేశం మొత్తంలో ఏటా కొద్దిమందే.


వరంగల్_వైకింగ్:

తరవాత దొరుకుతాడన్న మాట నిజమే, కానీ ఎవరికి దొరుకుతాడు?

2020లో బిల్స్‌కి రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ని ఇచ్చి మేము, అంటే మిన్నెసోటా వైకింగ్స్, 22వ పిక్ తెచ్చుకున్నాం. మా ముందు పిక్ ఈగిల్స్‌ది. వాళ్ళకీ రిసీవరే కావాలి. జస్టిన్ జెఫర్సన్ ఎదురుగా ఉన్నా జేలెన్ రేగర్‌ని తీసుకున్నారు. జెఫర్సన్ ఎల్ఎస్‌యూలో చివరి ఏడాది ఎక్కువగా లోపలి వైపు, స్లాట్‌లో ఆడాడు. బయటి అంచున గట్టి కార్నర్ (రిసీవర్‌ని అడ్డుకునే డిఫెండర్) ఎదురైతే నిలుస్తాడా అని అనుమానం. రేగర్‌ది మెరుపు వేగమని పేరు. తీరా కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షల్లో) 40 గజాల పరుగు రేగర్‌ది 4.47 సెకన్లు, జెఫర్సన్‌ది 4.43. వేగం కోసం తీసుకున్నవాడి కంటే వదిలేసినవాడే ముందు పరిగెత్తాడు! జెఫర్సన్ మొదటి ఏడాది 1,400 గజాలు, 2022లో 1,809.

నేను చెప్పేది ఇదీ. 5వ పిక్కా, 22వ పిక్కా అన్నది కాదు అసలు సంగతి. రిసీవర్‌లో ఏం చూడాలో తెలిసిన జట్టు ఎక్కడైనా పట్టుకుంటుంది. తెలియని జట్టుకి 2వ పిక్ ఇచ్చినా ఒకటే. 2017లో బెంగాల్సే 4.22 పరుగు చూసి జాన్ రాస్‌ని 9వ పిక్‌తో తీసుకున్నారు. ఎప్పుడూ గాయాలే. అదే డ్రాఫ్ట్‌లో 4.62 పరిగెత్తిన కూపర్ కప్ 69వ పిక్ దాకా ఉండిపోయాడు. 2021లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్లు మూడింట్లోనూ అతనే ముందు, కొలంబస్ అన్న చెప్పిన ఆ సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అతనే.


కొత్తగా_చూస్తున్నా:

నేను హైదరాబాద్ నుంచి. రెండేళ్ళుగా చూస్తున్నాను. చిన్న సందేహం అన్నా. ఐపీఎల్ వేలంలో డబ్బున్నవాళ్ళు పాడుకుంటారు. ఇక్కడ వంతుల ప్రకారం ఎంచుకుంటే డబ్బు సంగతేంటి? ఇంకోటి, వేగం ముఖ్యం కాకపోతే రిసీవర్‌లో చూడాల్సింది ఏమిటి?


వరంగల్_వైకింగ్:

రెండోదానికి నేను చెప్తాను తమ్ముడూ. ఆట మొదలవగానే ఎదురుగా ఉన్న కార్నర్ చేతులతో నెట్టి ఆపబోతాడు. వాణ్ణి తప్పించుకుని బయటపడాలి. తరవాత నిటారుగా పరిగెడుతున్నట్టు నమ్మించి, ఒక్కసారిగా నడుం దించి, రెండు అడుగుల్లో ఆగి తిరగాలి. కబడ్డీలో రైడర్ ఒంటిని ఒకవైపు వంచి ఇంకోవైపు జారిపోతాడు చూడు, ఇంచుమించు అదే. ఆగే విద్య, దిక్కు మార్చే విద్య, బంతి గాల్లో ఉండగా చివరి క్షణం దాకా చేతులు దాచిపెట్టే విద్య. ఇవేవీ 40 గజాల తిన్నటి పరుగులో కనబడవు. వేగం వద్దని కాదు, వేగం ఒక్కటే చాలదు.


లెక్కల_టీచర్:

డబ్బు సంగతి నేను చెప్తాను. ఏడు రౌండ్లు, 32 జట్లు. కిందటి సీజన్లో అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకి మొదటి వంతు. 2011 ఒప్పందం తరవాత కొత్త ఆటగాడి జీతం అతను ఎన్నో పిక్ అన్నదాన్ని బట్టే ఉంటుంది, ఏ స్థానంలో ఆడతాడన్నదాన్ని బట్టి కాదు. నాలుగేళ్ళ ఒప్పందం. మొదటి రౌండ్ వాళ్ళైతే ఐదో ఏడు కూడా ఉంచుకునే హక్కు జట్టుకి ఉంటుంది.

ఇక్కడే నేను నోవై గారితో విభేదిస్తాను. ఆ గడువయ్యాక బజారు ధర కట్టాలి. చేజ్ మొదటి నాలుగేళ్ళకి సుమారు 3 కోట్ల డాలర్లు. 2025లో కొత్తగా రాసుకున్న నాలుగేళ్ళకి 16.1 కోట్లు. సూవెల్‌కి 2024లో లయన్స్ ఇచ్చింది నాలుగేళ్ళకి 11.2 కోట్లు. జెఫర్సన్‌కి 14 కోట్లు. ముగ్గురూ తమ స్థానంలో అగ్రశ్రేణి వాళ్ళే అయినా బయట కొనాలంటే రిసీవరే ఎక్కువ ఖరీదు. డ్రాఫ్ట్‌లో మాత్రం పిక్ ఒకటైతే రిసీవర్‌కైనా ట్యాకిల్‌కైనా జీతం ఒకటే. అంటే డ్రాఫ్ట్‌లో రిసీవర్‌ని తెచ్చుకున్న జట్టుకే ఆ నాలుగైదేళ్ళు ఎక్కువ మిగులు. ఆ మిగులుతో లైన్‌మన్‌లని బయట కొనుక్కోవచ్చు.

2022లో టైటన్స్ ఏ.జే. బ్రౌన్‌కి ఆ ధర కట్టలేక ఈగిల్స్‌కి ఇచ్చేశారు. వచ్చిన 18వ పిక్‌తో ట్రేలన్ బర్క్స్ అనే రిసీవర్‌నే తీసుకున్నారు, చవగ్గా అదే ఆట వస్తుందని. రాలేదు. బ్రౌన్ ఈగిల్స్‌తో సూపర్ బౌల్ గెలిచాడు.


నోవై_నెల్లూరు:

టీచర్ గారూ, లెక్క సరిగ్గా ఉంది. కాకపోతే ఆ మిగులు అతను ఆడితేనే. బర్క్స్ ఉదాహరణ మీరే ఇచ్చారు. మా 2003, 2005 కుర్రాళ్ళ దగ్గర మిగిలింది ఏమీ లేదు. పైగా బజార్లో నిజంగా మంచి ట్యాకిల్ అమ్మకానికి ఎప్పుడొస్తాడు? ఉన్న జట్టు వదలదు. రిసీవర్లు చేతులు మారుతూనే ఉంటారు. డిగ్స్, బ్రౌన్, టైరీక్ హిల్, డేవాంటే ఆడమ్స్, అందర్నీ ట్రేడ్ చేశారు.


మిల్వాకీ_మాస్టారు:

ఆడమ్స్ పేరు వచ్చింది కాబట్టి మా ప్యాకర్స్ గురించి రెండు ముక్కలు. 2002లో జావన్ వాకర్ తరవాత 2025లో మ్యాథ్యూ గోల్డెన్ వచ్చేదాకా, మొదటి రౌండ్లో మేము ఒక్క రిసీవర్‌ని కూడా తీసుకోలేదు. జెన్నింగ్స్, జోర్డీ నెల్సన్, ర్యాండల్ కాబ్, ఆడమ్స్ అందరూ రెండో రౌండ్ వాళ్ళే. చాలాకాలం అదే సరైన దారి అనుకున్నాను. ఇప్పుడు అనుకోవట్లేదు. ఆరన్ రాడ్జర్స్ లాంటి క్వార్టర్‌బ్యాక్ ఉండగా ఒక్కటే సూపర్ బౌల్ దక్కింది. 2020లో రిసీవర్ వస్తాడని నేను టీవీ ముందు కూర్చుంటే 26వ పిక్‌తో ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చారు. జోర్డన్ లవ్ మంచివాడే. అయినా ఆ ఏడాది, తరవాతి ఏడాది, ఆడమ్స్ పక్కన ఇంకో గట్టి చెయ్యి ఉండుంటే అన్న బాధ పోవట్లేదు.


కాకినాడ_టు_కొలంబస్:

అందరివీ చదివాను. నిన్న రాత్రి ఆ నాలుగో డౌన్ మళ్ళీ పెట్టుకుని చూశాను, పదిసార్లు చూసి ఉంటాను. ఫ్రిస్కో అన్న చెప్పింది నిజం, డొనాల్డ్ వచ్చింది లోపలి నుంచే. 38వ పిక్ వదులుకుని 46కి దిగడం మావాళ్ళ తప్పు, అది ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళుగా కోపమంతా చేజ్ పిక్ మీద పెట్టుకున్నాను, అందులో సగం అక్కడ పెట్టాల్సింది.

మిగతా సగం మాత్రం వదలను. 2024లో చేజ్ 127 క్యాచ్‌లు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్లు, మూడింట్లోనూ లీగ్ మొత్తానికి ముందు. బరో 43 టచ్‌డౌన్లు విసిరాడు. అయినా 9-8తో ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు. ఆ ఏడు ముంచింది ఎక్కువగా డిఫెన్సే, లైన్ కాదు. కానీ బంతి పట్టేవాళ్ళ మీద అంత పెట్టుబడి పెట్టాక మిగతా చోట్ల ఏం మిగిలిందో టీచర్ గారు ఒకసారి లెక్క కట్టి చెప్పాలి. చేజ్‌కి 16.1, మా ఇంకో రిసీవర్ టీ హిగ్గిన్స్‌కి 11.5 కోట్లు.


లెక్కల_టీచర్:

తప్పకుండా కడతాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ 2024లో చేజ్ ఇంకా డ్రాఫ్ట్ జీతం మీదే ఉన్నాడు. కొత్త ఒప్పందం ఆ సీజన్ అయ్యాక వచ్చింది. ఆ నాలుగేళ్ళ మిగులు డిఫెన్స్‌కి సరిగ్గా వాడలేదంటే అది వాడినవాళ్ళ తప్పు, చేజ్‌ని తీసుకోవడం వల్ల వచ్చింది కాదు.


కొత్తగా_చూస్తున్నా:

ఇంత వివరంగా చెప్పినందుకు థ్యాంక్స్ అన్నా, టీచర్ గారూ. మొదటి రౌండ్ మీకు గురువారం రాత్రి ఎనిమిదికి, తూర్పు తీరం టైము. మాకు శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నర. అలారం పెట్టుకున్నాను. ఈసారి 40 గజాల టైము చూడను, కార్నర్ చెయ్యి వేసినప్పుడు ఏం చేస్తాడో చూస్తాను. కాలేజీ ఆటల్లో అది బాగా కనబడే వీడియోలు ఏవి చూడాలో వరంగల్ అన్న చెప్తారా?