“మనవాళ్ళు వట్టి వెధవాయిలోయ్” – ఈ మాట ఎవరిది, దేని గురించి?

“తెలుగువారి గురించి గురజాడ అన్న ‘మనవాళ్ళు వట్టి వెధవాయిలోయ్’ అనే మాట ఏ సందర్భంలోది?” అని ఒక సభ్యులు అడిగారు. అది గురజాడ తన గొంతుతో తెలుగువారిపై ఇచ్చిన తీర్పు కాదు. “కన్యాశుల్కం”లో గిరీశం తన శిష్యుడు వెంకటేశంతో అన్న మాట. ఆ చిన్న తేడాను పట్టించుకోకపోవడం వల్ల మాటకూ, పాత్రకూ, నాటకానికీ ఎంత నష్టం జరిగిందో కొంచెం వివరంగా చెప్పుకోవలసి ఉంది.

మొదటి అంకం మొదటి రంగాన్ని ఒకసారి తిరిగి చదవండి. వెంకటేశం పరీక్ష తప్పి, తండ్రి అగ్నిహోత్రావధాన్ల ముందు నిలబడడానికి జంకుతున్న కుర్రవాడు. మీవల్ల నాకు అబ్బిందల్లా చుట్ట కాల్చడం ఒక్కటేనని అతడు గురువును నిష్ఠూరమాడతాడు. ఆ దెబ్బను కాచుకోవడానికి గిరీశం అప్పటికప్పుడు అల్లిన సమాధానంలో వచ్చేదే ఈ వాక్యం. చుట్ట నేర్పినందుకు కృతజ్ఞత చూపవలసింది పోయి తప్పు పడుతున్నారు కాబట్టి, ఆయన దృష్టిలో “మనవాళ్ళు” వెధవాయిలు. దొరలు గొప్పవాళ్ళయింది చుట్ట కాల్చబట్టేనట, తెల్లవాడు ఆవిరియంత్రం కనిపెట్టింది కూడా చుట్ట మహిమేనట. పరీక్ష తప్పిన పిల్లవాడికి జవాబు చెప్పుకోలేక ఒక గురువు మొత్తం జాతిని తిట్టి తప్పించుకుంటున్నాడు. గురజాడ మనకు చూపిస్తున్నది ఆ తప్పించుకునే నేర్పును.

ఇప్పుడు ఆ వాక్యం ఏయే పనులకు వాడుకలో ఉందో చూడండి. తెలుగువారి మధ్య ఐకమత్యం లేదని వాపోయే వ్యాసానికి శీర్షికగా, తెలుగు మాధ్యమం గురించిన ఉపన్యాసానికి ఎత్తుగడగా, ఎన్నికల ఫలితాలు నచ్చనివారి నిట్టూర్పుగా అది కనిపిస్తుంది, దాని కింద గురజాడ పేరు ఉంటుంది. పాత్ర నోట పెట్టిన బుకాయింపును రచయిత జీవితానుభవసారంగా చలామణీ చేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే గురజాడ ఈ నాటకంలో పెట్టిన శ్రమంతా ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏ లాభం కోసం అన్న మూడు ప్రశ్నల మీదనే నిలబడి ఉంది.

ఈ కత్తిరింపుల వల్ల ఎక్కువగా కురచబడినవాడు గిరీశమే. నాలుగైదు మాటలు పోగుచేస్తే గిరీశం తయారవుతాడని చాలామంది అభిప్రాయం. అతనితో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్ అన్న గొప్ప, ఒపీనియన్లు అప్పుడప్పుడు మార్చుకోకపోతే పొలిటీషియన్ కాలేడన్న సూత్రం, చివరి “డామిట్” – ఇవి ఉంటే చాలు, మిగిలిన మనిషితో పని లేదు. ముచ్చటపడేవారికి అతడు సరసుడైన చమత్కారి, మండిపడేవారికి వట్టి వంచకుడు. ఈ రెండు వర్గాలవారూ వాదించుకుంటారు గాని, చూసేది మాత్రం ఆ పోగుచేసిన మాటల బొమ్మనే.

పుస్తకంలోని గిరీశం అంత తేలికగా చేతికి అందడు. తెర లేవగానే అతడు తన అప్పుల చిట్టా తానే విప్పుతాడు: సంతలో సామాను కొని పెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని, వాటిని మధురవాణి అనే వేశ్య కోసం ఖర్చు చేశాడు. పూటకు ఇంత కూడు అమ్ముకుని బతికే స్త్రీ డబ్బు అది. ఆ తెలివీ ఆ ఇంగ్లీషూ ఉద్యోగం సంపాదించి పెట్టలేదు, ఎవరో ఒకరి పంచన తిండి మాత్రం దొరికించాయి. సగం చదువు చదివి, మాటను పెట్టుబడిగా పెట్టి బతికే ఒక తరం యువకుల దురవస్థ అతనిలో ఉంది. దానిని గుర్తించడమంటే అతని తప్పును మాఫీ చేయడం కాదు.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది విధవను గురించి అతడు ఇంగ్లీషులో కట్టిన పద్యం. తెల్లవారుజామున నాలుగింటికి పక్క దిగి, నేల ఊడ్చి, ఆ దుమ్మునంతా తలుపు వెనక పోగుచేసే స్త్రీ అందులో కనిపిస్తుంది. అందులో ప్రాసల కోసం పడిన పాట్లు నవ్వు తెప్పిస్తాయి, నిజమే. కాని ఇంట్లో ఎవరూ కన్నెత్తి చూడని చాకిరీని గిరీశం చూశాడు. చూసి కూడా, అలాంటి చాకిరీలోనే ఉన్న బుచ్చమ్మను, వెంకటేశం విధవ అక్కను, తన మాటల వలలో వేసుకోగలిగాడు. చూడలేనివాడు చేసిన మోసం వేరు, చూసినవాడు చేసిన మోసం వేరు. సామెతలుగా మారిన సంభాషణల్లో ఈ రెండోది ఎక్కడా మిగలలేదు.

పొలిటీషియన్ సూత్రం గతి కూడా ఇంతే. అతి బాల్యవివాహాలు కూడదని ఉపన్యాసాలు ఇచ్చినవాడు, అగ్నిహోత్రావధాన్ల ఇంటికి చేరాక మాట మార్చి, చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు జరిగితేనే పడుచు విధవలు ఉంటారు, వారుంటేనే వితంతు వివాహ సంస్కరణకు చోటుంటుంది అని వాదిస్తాడు. ఆ తర్కానికి మనం హాయిగా నవ్వుతాం. అయితే నాటకానికి గురజాడ రాసిన ఇంగ్లీషు పీఠికలో ఒక లెక్క ఉంది: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల (డబ్బు పుచ్చుకుని ఆడపిల్లను ఇచ్చే పెళ్ళిళ్ళ) జాబితా తీస్తే 1034 తేలాయి, ఆ పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవారు 99 మంది, ఏడాది వయసువారు ముగ్గురు. ఆ లెక్క తెలిసిన రచయిత ఈ వాదన రాశాడని గుర్తుపెట్టుకుంటే, నవ్వు గొంతులోనే ఆగుతుంది.

1955లో వచ్చిన చలనచిత్రంలో ఎన్.టి. రామారావు గిరీశం అయ్యారు, సావిత్రి మధురవాణి అయ్యారు. ఆ తరువాత ఆ ముఖాలు లేకుండా ఈ పాత్రలను ఊహించుకోవడం మన తాతల తరానికే కష్టమైంది. నాయకుడి ముఖం తగిలించుకున్న గిరీశం మీద పాఠకుడికి అప్రయత్నంగా ఇష్టం కలగడం సహజమే, దానికి నటులను తప్పుపట్టను.

మధురవాణిది మరో రకం అన్యాయం. ఆమెను ఆకాశానికెత్తేవారే ఆమెను సులభం చేసేశారు. “మనసు బంగారమైన వేశ్య” అన్న ముద్ర వేసి దణ్ణం పెట్టేస్తే, తన కంటె అనే మెడ నగ కోసం, తనను ఉంచుకున్న రామప్పపంతులిని నిలువనీయకుండా వేధించిన లెక్కలమనిషి ఎక్కడికి పోయింది? 1892లో విజయనగరంలో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన నాటకాన్ని గురజాడ 1909 కూర్పులో ఎంతో విస్తరించారు. మనకు తెలిసిన నిండైన మధురవాణి ఆ పెంపులోనే రూపుదిద్దుకుంది. చెడనివారిని చెడగొట్టవద్దన్న తల్లి మాటను వకీలు సౌజన్యారావు పంతులు ఎదుట ఆమె గుర్తుచేసుకోవడం అంత బలంగా తగలడానికి కారణం, అంతవరకూ ఆమె బేరసారాల్లో ఆరితేరినదిగా కనిపించడమే. వేశ్య ముఖం చూడనని వ్రతం పట్టిన ఆ పంతులు కూడా సుగుణాల రాశిగా పుస్తకంలో కనిపించడు. ఆయన ధర్మంలో ఉన్న కాఠిన్యాన్ని మధురవాణి ఆయన ఇంట్లోనే ఆయనకు చూపిస్తుంది.

మరొక సభ్యులు అడిగిన దానికి కూడా ఇక్కడే సమాధానం చెబుతాను. జనం నోళ్ళలో నానిన మాటకు సందర్భం ఎందుకు, అది సామెత అయిపోయింది కదా అని వారన్నారు. సామెతగా వాడుకోవడంలో నాకు ఆక్షేపణ లేదు, వేమన పద్యపాదాలను మనం రోజూ అలాగే వాడుకుంటున్నాం. నేను అభ్యంతరపెడుతున్నది ఆ మాట కింద గురజాడ సంతకం పెట్టడాన్ని, ఆ మాటతో గిరీశాన్ని తూచి ముగించడాన్ని. “గిరీశం అన్నట్టు” అని రాస్తే చాలు, చదివేవారు ఆ గొంతును అనుమానించడానికి అవకాశం మిగులుతుంది.

అందరికీ తెలిసిన ఆఖరి వాక్యమే తీసుకోండి. గిరీశం బండారం బయటపడ్డాక, అతనితో లేచివచ్చిన బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపించాలని, గిరీశం బుద్ధిగా చదువుకోవాలని సౌజన్యారావు పంతులు నిర్ణయిస్తాడు. అప్పుడు గిరీశం నోట వచ్చేది “డామిట్! కథ అడ్డంగా తిరిగింది” అన్న మాట. దానికి మనం చప్పట్లు కొడతాం, అది నాటకానికి కొసమెరుపు అంటాం. తనను నమ్మి ఇల్లు విడిచి వచ్చిన మనిషి ఏమవుతుందన్న ఊసు ఆ మాటలో లేదు. అడ్డంగా తిరిగింది అతని కథ ఒక్కటే.