జింక్ ప్లేటు మీద గ్రౌండ్ లేచిపోతోంది

బరంపురం_కుంచె: ఎచింగ్ (లోహపు ప్లేటు మీద గీతల్ని ఆసిడ్‌తో లోతు చేసి అచ్చు తీయడం) చేస్తున్నా. ప్లేటు నైట్రిక్‌లో వేయగానే హార్డ్ గ్రౌండ్ (ఆసిడ్ తగలకుండా పూసే మైనపు పూత) అంచుల్లో లేచిపోతోంది, గీయని చోట కూడా ఆసిడ్ తినేస్తోంది. పరీక్ష దగ్గరకొచ్చింది, టెన్షన్‌గా ఉంది. సెలవుల్లో అచ్చువేసే ప్రెస్ ఎక్కడ దొరుకుతుంది?

పర్లాకిమిడి_గీత: నైట్రిక్ మానెయ్ తమ్ముడూ. మా కాలేజీ గదిలో ఫ్యాన్ కూడా లేదు, ఆ గోధుమరంగు పొగలోనే చదువంతా దగ్గుతూ గడిచింది. ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), ఉప్పు సమపాళ్ళలో నీళ్ళలో కలిపి వాడుతున్నాను. ఎరువుల కొట్లో అడుగు. పొగ రాదు. గీతల్లో ఎర్రగా రాగి పేరుకుంటుంది, మెత్తని కుంచెతో తుడుస్తూ ఉండాలి.

జయపురం_మాస్టారు: ఎన్నో బ్యాచ్‌లకి నేర్పినవాణ్ణి, చెబుతున్నా వినండి. బుడగలు చూస్తేనే గీత ఎంత లోతు దిగిందో తెలుస్తుంది. పది పాళ్ళ నీళ్ళలో ఒక పాలు నైట్రిక్, ఈకతో బుడగలు తోయడం. విద్య అంటే ఇదీ.

పర్లాకిమిడి_గీత: మీ ఊపిరితిత్తులు మీ ఇష్టం మాస్టారూ. పిల్లలవి కాదు.

జయపురం_మాస్టారు: నా క్లాసులో కిటికీలన్నీ తెరిచే ఉంటాయమ్మా. తెలియకుండా మాట అనకు.

రాయగడ_రాగి: జింకే ఎందుకు? రాగి ప్లేటు, ఆసిడ్ బదులు రాగిని తినే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం. సన్నగీత సన్నగానే దిగుతుంది. మడ్డి గీతల్లో నిలవకుండా ప్లేటు బోర్లా వేలాడదీయండి.

బరంపురం_కుంచె: రాగి ధర మా ఇంట్లో చెప్పలేను అన్నా.

కోరాపుట్_రోలర్: చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి గారు పారిస్‌లో, హేటర్ అనే కళాకారుడు నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో, వేర్వేరు చిక్కదనం ఉన్న రంగుల్ని ఒకే ప్లేటు మీద ఒకేసారి అచ్చువేసే పద్ధతికి రూపమిచ్చినవాళ్ళలో ఒకరు. మన తెలుగువాడు! మాకు ఆయన ప్రింటు ఒక్కటీ చూపించలేదు, ఇప్పటికీ బాధే.

జయపురం_మాస్టారు: ముందు నలుపులో ఒక్క అచ్చు శుభ్రంగా తీయమనండి. రంగులు తర్వాత.

గుణుపురం_సుద్ద: కుర్రాడు అడిగింది గ్రౌండ్ గురించి! అది జిడ్డు, బాబూ. సుద్దపొడిలో కాస్త అమ్మోనియా కలిపి ప్లేటు రుద్దు. నీళ్ళు పోస్తే బొట్లుగా విడిపోకుండా ఒకే పొరలా నిలవాలి, అప్పుడే గ్రౌండ్ వెయ్యి. అంచులు ముందే ఆకురాయితో ఏటవాలుగా అరగదియ్యి, వాటికీ వెనకవైపుకీ వార్నిష్ పుయ్యి. ప్రెస్ కోసం భువనేశ్వర్ లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో అడిగి చూడు.

పర్లాకిమిడి_గీత: వాడేసిన మైలుతుత్తం నీళ్ళు మాత్రం కాలవలో పోయకు తమ్ముడూ, చేపలు చస్తాయి. వాషింగ్ సోడా వేస్తే రాగి అడుక్కి దిగుతుంది, ఆ మడ్డి విడిగా దాచు.

జయపురం_మాస్టారు: ఈ మాట మాత్రం నిజం.