అప్‌డేట్: బండి వేడెక్కితే న్యూట్రల్ పడని సమస్య తీరింది

సిగ్నల్ దగ్గర ఆగితే న్యూట్రల్ పడదని, క్లచ్ పూర్తిగా పట్టినా బండి ముందుకు పాకుతోందని, ఫస్ట్ గేరు ‘టక్’మని పడుతోందని మూడు వారాల క్రితం అడిగాను. నాది 150 సీసీ బండి. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనికొచ్చిన సలహా ఒక్కటే: ఇంజిన్ ఆపి, బండిని ముందుకూ వెనక్కూ కదుపుతూ గేర్లు మార్చి చూడమన్నది. అన్నీ వెన్నలా పడ్డాయి. అంటే తప్పు గేర్‌బాక్సుది కాదు, క్లచ్ పూర్తిగా విడవడం లేదు.

క్లచ్ కేబుల్ బిగించాను. రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదటికే వచ్చింది. అప్పుడు హ్యాండిల్ దగ్గర రబ్బరు తొడుగు వెనక్కి లాగితే అసలు సంగతి బయటపడింది. లివర్‌లో కూర్చునే కేబుల్ చివరి గుండు పక్కనే తీగలు సగానికి పైగా తెగి, చీపురు పుల్లల్లా విచ్చుకున్నాయి. ఒకటి వేలికి గుచ్చుకుంది కూడా. మిగిలిన నాలుగు పోగులు సాగుతుంటే ఎంత బిగించి ఏం లాభం!

కొత్త కేబుల్ వేసి, లివర్ మొదట్లో 2-3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాను. పని అరగంటే. పెట్రోలు ట్యాంకు కింది నుంచి పాత కేబుల్ వెళ్లిన దారిలోనే కొత్తదాన్ని పంపడానికే సగం సమయం పట్టింది.

ఇంజిన్ ఆయిల్ మార్చింది వృథా, పాతదీ జాసో ఎంఏ2 (బైకుల క్లచ్‌కు సరిపడే ఆయిల్ ప్రమాణం) రకమే. క్లచ్ ప్లేట్ల జోలికి వెళ్లలేదు. గేర్‌బాక్సు విప్పాలన్న మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.