అప్‌డేట్: గ్రావిటీ ఫెడ్ బొగ్గు గ్రిల్ కొన్నాను

పెరట్లో పొగ మీద మాంసం వండడానికి గ్రావిటీ ఫెడ్ బొగ్గు గ్రిల్ పనికొస్తుందా అని ఇక్కడే అడిగాను. సలహా ఇచ్చినవారందరికీ కృతజ్ఞతలు. కొన్నాను, చాలా ఇష్టంగా వాడుతున్నాను.

నిలువు గొట్టం నిండా బొగ్గు పోస్తే అడుగున ఉన్నదే మండుతుంది. అది బూడిదవుతున్న కొద్దీ పైది తన బరువుకే కిందికి దిగుతుంది. గాలి ఎంత కావాలో ఫ్యాన్ చూసుకుంటుంది. 110 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి వదిలేస్తే గంటల తరబడి అక్కడే నిలబడుతోంది. రుచి మాత్రం అసలైన బొగ్గు రుచే!

పొగ గురించి ఒకరు చెప్పిన చిట్కా అద్భుతంగా పనిచేసింది. చెక్క ముక్కలను బూడిద అరలో వేస్తే, పైనుంచి రాలే నిప్పులకు నెమ్మదిగా రాజుకుంటాయి. లేత నీలి పొగ పలుచగా వస్తుంది. అదే కావాలి, దట్టమైన తెల్లపొగ చేదెక్కిస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. పెద్ద బొగ్గు ముక్కలు గొట్టంలో ఒకదానికొకటి అడ్డుపడి ఆగిపోతాయి, అప్పుడు వేడి పడిపోతుంది. బ్రికెట్లతో (బొగ్గు పొడిని అదిమి ఒకే సైజులో చేసిన దిమ్మలు) ఆ బెడద తక్కువ. కరెంటు లేకపోతే ఫ్యాన్ లేదు. అడుగున పేరుకున్న కొవ్వును తీయకుండా మంట పెంచితే అంటుకుంటుంది, ఇది తేలిగ్గా తీసుకోకండి.

వంట అయ్యాక గాలి దారులు మూసేస్తే నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్లీ వాడుకోవచ్చు. వానలో తడవకుండా కప్పి ఉంచండి. రాత్రంతా కాపలా కాయకుండా వండాలనుకునేవారు ధైర్యంగా తీసుకోవచ్చు.