ఆర్ట్ క్లాసులో సవర బొమ్మలు వేయిస్తే తప్పా?

డ్రాయింగ్ టీచర్, మురళీనగర్:
మా ఏడో తరగతి పిల్లల చేత ఎర్ర చార్టు మీద తెల్ల పోస్టర్ కలర్‌తో సవర బొమ్మలు వేయించాను. ఫోటో పెడుతున్నాను చూడండి. ఒక పేరెంటు వచ్చి, "అవి ఆదివాసీల పూజ బొమ్మలు, పిల్లల చేత కాపీ కొట్టించడమేంటి?" అని గట్టిగా అడిగారు. రవివర్మను చూసి గీయకుండా మనలో ఎవరికైనా గీత కుదిరిందా? మీరేమంటారు?

గాజువాక అమ్మ:
వేయనివ్వండి. ఆ కాసేపైనా ఫోన్ పక్కన పెడతారు.

సీతంపేట కుర్రాడు:
మేడమ్, అది సవర బొమ్మ కాదు. రెండు త్రికోణాలు మొనకు మొన ఆనించి నడుము సన్నగా పెట్టారు. అది మహారాష్ట్రలో వర్లీ ఆదివాసీలు వేసే మనిషి బొమ్మ. మా సవరలు ముందు చుట్టూ అంచు గీసి, అక్కడి నుంచి లోపలికి వస్తారు.

డ్రాయింగ్ టీచర్:
పన్నెండేళ్ల పిల్లలకు అంత తేడా ఎందుకండీ? వర్లీ అయినా తప్పేముంది? ఒకప్పుడు పెళ్లిళ్లలో ముత్తయిదువలు గోడ మీద వేసే బొమ్మ అది. జివ్యా సోమ మషే గారు మగవారై ఉండి వేశారు, కాగితం మీదకు తెచ్చారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనకు లేని తప్పు మా పిల్లలకు ఎలా వస్తుంది?

వకీలు, సీతమ్మధార:
1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 52 చదవండి. పాఠంలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ వేసుకోవచ్చు. ఇందులో చర్చేముంది?

సీతంపేట కుర్రాడు:
చట్టం సంగతి నేను అడగలేదండీ. ఇంట్లో జబ్బు చేసినా, పోయినవాళ్లను తలుచుకోవాలన్నా మావాళ్లు గోడకు ఎర్రమన్ను అలికి, బియ్యప్పిండిలో వెదురు పుల్ల ముంచి ఆ బొమ్మ వేస్తారు. ఒడిశా వైపు దాన్ని ఇడితాల్ అంటారు. దాని ముందు పూజ జరుగుతుంది. అందులో సైకిలూ ఉంటుంది, రైలూ ఉంటుంది. ఎవరి కోసం వేశారో ఆ ఇంటివాళ్లకు తెలుసు.

డ్రాయింగ్ టీచర్:
అయితే ఎవరూ ముట్టుకోకూడదా? చార్టులు నా డబ్బుతో కొన్నాను. పిల్లలను అరకు మ్యూజియానికి తీసుకెళ్లాను. చివరికి నేను దొంగనా? మీరిలా అంటే రేపు ఏ టీచరూ ఈ బొమ్మల జోలికి రారు. కొబ్బరిచెట్టు, సూర్యోదయం వేయించుకుని ఊరుకుంటారు.

పెందుర్తి:
ఏటండీ ఇది, పిల్లల బొమ్మలకి ఇంత గొడవా.

సీతంపేట కుర్రాడు:
మీకు గొడవలాగే ఉంటుంది. నేను విశాఖలో హాస్టల్లో ఉండి చదివాను. సవర మాట్లాడితే "కొండోడు" అని నవ్వేవారు. "మీ ఇల్లు గీయండి" అంటే మా గోడ మీది బొమ్మ గీశాను. సారు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి, "మనిషికి ముక్కేదీ, మొహమేదీ?" అన్నారు. పదికి రెండు వేశారు. ఇప్పుడు అలాంటి బొమ్మే మీ క్లాసు గోడకు అందమైంది. ఫోటోలో కింద పిల్లాడి పేరుంది, రోల్ నంబరుంది. పైన "ట్రైబల్ ఆర్ట్" అని ఉంది. మా పేరేది?

చిత్రకళ విద్యార్థిని:
నేనూ ఇదే చెప్పాలనుకున్నాను. భిల్లు ఆదివాసీ చిత్రకారిణి భూరీబాయి గారు భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం కట్టేటప్పుడు అక్కడ కూలి పని చేశారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. గోండు బొమ్మ అంటే జంగఢ్ సింగ్ శ్యామ్ గారు. పేర్లు ఉన్నాయి, పాఠంలో మనమే చెప్పడం లేదు.

డ్రాయింగ్ టీచర్:
ఆ రెండు మార్కులు వేసింది నేను కాదు. కానీ రవివర్మ బొమ్మ వేయించిన రోజు చార్టు కింద ఆయన పేరు రాయించాను. ఇక్కడ నాకు తట్టలేదు. అది నా తప్పే. సోమవారం ఆ "ట్రైబల్ ఆర్ట్" అట్ట తీసేసి వర్లీ అని రాయిస్తాను. బొమ్మలు వేయించడం మాత్రం ఆపను. మీరొక శనివారం వచ్చి సవర బొమ్మ నేర్పుతారా?

సీతంపేట కుర్రాడు:
వస్తాను. పోస్టర్ కలర్ వద్దు, బియ్యం నానబెట్టి ఉంచండి. అంచు కట్టడం, చెట్టు, నెమలి, నాట్యం చేసేవాళ్లు నేర్పుతాను. ఇడితాల్ వేయను.

డ్రాయింగ్ టీచర్:
అసలుది చూపించకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుంది?

సీతంపేట కుర్రాడు:
దాని గురించి చెబుతాను మేడమ్. వేయను.