అప్‌డేట్: కాలేజీ స్విమ్మింగ్ కోచ్‌లు మెయిల్‌కి జవాబెందుకు ఇవ్వట్లేదు?

అమెరికాలో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మెయిల్స్‌కి డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) స్విమ్మింగ్ కోచ్‌లు ఎందుకు పలకట్లేదని అడిగాను కదా. మీరంతా చెప్పినవి, ఆ తర్వాత తేలినవి కలిపి రాస్తున్నా.

ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) నియమమే అసలు కారణం. పదో తరగతి అయిపోయాక వచ్చే జూన్ 15 దాకా స్విమ్మింగ్ కోచ్ రిక్రూటింగ్ (జట్టులోకి తీసుకోవడం) మాటలేవీ రాయకూడదు, ఫోన్లోనూ మాట్లాడకూడదు. క్యాంపు బ్రోషరు, ప్రశ్నావళి మాత్రం పంపొచ్చు. పిల్లలు ఎప్పుడైనా రాయొచ్చు, కోచ్‌లు చదువుతారు కూడా. కొన్ని ఆటలకి తేదీలు వేరు. డివిజన్ 3 కోచ్‌లు ఎప్పుడైనా జవాబిస్తారు, కాకపోతే అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు.

మెయిల్ సబ్జెక్ట్ లైన్‌లోనే విషయమంతా ఉండాలి: "2028 గ్రాడ్యుయేట్, 100 యార్డ్ బ్రెస్ట్‌స్ట్రోక్ 1:04.8, జీపీఏ 3.8" (జీపీఏ అంటే నాలుగుకి లెక్కేసే మార్కుల సగటు). కాలేజీ సీజన్ జరిగేది 25 గజాల కొలనులో. ఇండియా నుంచి రాసేవాళ్లు 50 మీటర్ల కొలనులో ఈదిన టైమ్ ఇస్తే అది మీటర్లని స్పష్టంగా రాయాలి, లేదంటే నెమ్మదిగా ఈదినట్టు కనిపిస్తుంది. మనం రాసే జట్టు కాన్ఫరెన్స్ మీట్ (ఒక గుంపు కాలేజీల మధ్య జరిగే పోటీ) ఫలితాలు తెరిచి, మన టైమ్‌కి ఫైనల్లో చోటుందో లేదో ముందే చూసుకోవాలి. మెయిల్ రాయాల్సింది అమ్మాయే, అమ్మానాన్నలు కాదు. హెడ్ కోచ్‌తో పాటు రిక్రూటింగ్ చూసే అసిస్టెంట్ కోచ్‌కీ పంపాలి. జట్టు సైట్లోని ప్రశ్నావళి నింపకపోతే వాళ్ల జాబితాలో పేరు చేరకపోవచ్చు. టైమ్ మెరుగైన ప్రతిసారీ రెండు లైన్ల మెయిల్ చాలు.

డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. ఈ లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలు.