అప్‌డేట్: లక్క భరిణెల రంగు ఎందుకు ఊడుతోందో తేలింది

ఏటికొప్పాక పద్ధతిలో (లేత్ మీద, అంటే కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, చెక్కి రంగు లక్క పట్టించే పని) నేను చేసి అమ్మే కుంకుమ భరిణెలకి కొన్నాళ్లకే లక్క పెచ్చులుగా లేచిపోతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. అసలు కారణం కర్రలో తేమ.

లక్క నాసిరకమని, సహజ రంగులు పట్టవని కొందరన్నారు. రెండూ కాదు. అదే లక్క, అదే రంగు పాత అంకుడు కర్ర (ఈ పనికి వాడే మెత్తటి కర్ర) మీద గట్టిగా నిలిచాయి. మొగలి ఆకుతో మెరుగు పెట్టడానికీ దీనికీ సంబంధం లేదు. అనుభవమున్న మేస్త్రిగారొకరు వచ్చి, వానల్లో కొన్న లోడులోంచి ఒక కర్ర కోసి చూపించారు. పైన ఎండింది, నడుమ పచ్చి! భరిణె తయారయ్యాక కర్ర ఆరి ముడుచుకుంటుంది, పైనున్న లక్క దాంతోపాటు ముడుచుకోలేక లేచిపోతుంది.

కర్ర ఆరిందో లేదో తూకం వేసి చూడమని ఇక్కడ ఇచ్చిన సలహా నిజంగా పనికొచ్చింది. ముక్కలని నీడలో గాలాడేలా పేర్చి, వారం వారం తూచి, బరువు తగ్గడం ఆగాకే లేత్ ఎక్కిస్తున్నాను. తొందరపడి ఎండలో పెట్టకండి, పగుళ్లొస్తాయి. పాడైనవి తెచ్చినవాళ్లకి కొత్తవి ఇచ్చాను. ఆ తర్వాత అమ్మినవి ఇప్పటిదాకా ఒక్కటీ వెనక్కి రాలేదు.